ఉక్కు కడియానికి పూజ

సూర్యుణ్ణి భూమ్మీద తయారుచేస్తున్నామని మా డైరెక్టర్ జెరాల్డ్ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. సూర్యుడి మాట దేవుడెరుగు, నేను చేరిన ఏడాది ఆ లాబరేటరీలో వానకు కారని గది ఒక్కటీ లేదు.

డర్బన్‌లో యూనివర్సిటీ వెనక ఒక రేకుల షెడ్డు, అదే మా లాబ్. తొంభై ఆరో సంవత్సరం, తెల్లవాళ్ల రాజ్యం పోయి రెండేళ్లు. ఉక్కు గొట్టాన్ని కడియంలా గుండ్రంగా వంచి, అందులో గాలంతా తోడేసి, పిసరంత హైడ్రోజన్ వదిలి, దాన్ని కరెంటుతో వేడెక్కించి, అయస్కాంతాలతో గోడలకు తగలకుండా పట్టి ఉంచాలి. పాత కడియం అతుకులు వదిలేసింది. కొత్తది చేయించారు, పంపులు మార్చారు, వైర్లు మార్చారు. కరెంటు సంగతి నాది. అందుకే నన్ను వాల్తేరు నుంచి పిలిపించారు.

జెరాల్డ్ గురించి చెప్పాలి. ఇరవై ఏళ్లపాటు తెల్లవాళ్ల టీ గదిలో టీ తాగి, ఒక మంచిరోజు లేచేసరికి ఆయన అన్ని రంగులూ ఒకటేననే ఇంద్రధనుస్సు అయిపోయాడు. గోడకు కొత్త జెండా, మెళ్లో పూసల దండ, నోట్లో నాలుగు జులూ మాటలు. టీ గది తలుపుమీద బోర్డు పీకించాడు గాని, మేకుల కన్నాలు పూడ్పించలేదు. ఆయన మారాడని నేనెప్పుడూ నమ్మలేదు. గాలి ఎటు వీస్తుందో చూసుకున్నాడు, అంతే.

ఆయన కుడిభుజం మన గిరిధరరావు. యంత్రం మార్పులన్నిటికీ పెద్ద. గోల్డ్ మెడల్ సంగతి పరిచయమైన పది నిమిషాల్లో చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఆయన కారులోనే నేనూ పనికి వచ్చేదాన్ని. ఇంట్లో నూనెలో కలిపిన ఆంజనేయస్వామి సింధూరం బొట్టు పెట్టుకుని బయల్దేరేవాడు. గేటు కనిపించగానే అద్దంలో చూసుకుని రుమాలుతో తుడిచేసేవాడు. జెరాల్డ్ ఏమనుకుంటాడోనని భయం. ఆదివారాలు మాత్రం రెడ్‌హిల్‌లో హాలు తీసుకుని, చెరుకుతోటల్లో కూలికి మన దేశం నుంచి వచ్చినవాళ్ల మునిమనవలకు తెలుగు అక్షరాలు నేర్పేవాడు. నేర్పడం తక్కువ, వాళ్లకు రాదని ఏడవడం ఎక్కువ.

ఆ మునిమనవల్లో డాలీ ఒకతి. డర్బన్ పక్కనే ఇసిపింగోలో ఉండేది. పదేళ్లకు పైగా మా లాబ్‌లో పంపుల పని, కడియం శుభ్రం చేసే పని చేస్తూ ‘సహాయకురాలు’గానే ఉండిపోయింది. పైన కూర్చున్న ఐవన్ అనే తెల్లాయన కొత్త జెండాను చూసి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. చీఫ్ టెక్నీషియన్ ఉద్యోగం ఖాళీ అయింది. ఇదివరకైతే అది ఆమెకు వచ్చే ఉద్యోగం కాదు. కొత్త కడియం పనిచేస్తే ఇంటర్వ్యూకు పిలుస్తానని జెరాల్డ్ మాటిచ్చాడు. ఆ ఉద్యోగం మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. కొత్త చీర కూడా కొనుక్కుంది.

డాలీకి నోరు పెద్దది. తాతలనాటి కోస్తా తెలుగు తునకలు మిగిలాయి. ‘మీరు’ అన్న మాట వాళ్ల ఇంట్లో ఎప్పుడో అరిగిపోయింది. గిరిధరరావును కూడా ‘నువ్వు అంకుల్’ అనేది. ఆయన ఒళ్లు చచ్చిపోయేది. ఒక ఆదివారం ఆమె అక్షరాల క్లాసుకు వెళితే, ముప్పై ఐదేళ్ల మనిషికి ‘అ’ రాయడం చేతకాలేదని సోమవారం భోజనాల దగ్గర అందరికీ అభినయించి చూపించాడు. జెరాల్డ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

దసరాకు కడియం బిగింపు పూర్తి కావచ్చింది. కొత్త దేశంలో అన్ని ఆచారాలూ ఉండాలని జెరాల్డ్ ఆయుధపూజ పెట్టించాడు. ఫోటోలు తీయించాడు. కాని యంత్రాన్ని ముట్టుకోకూడదన్నాడు. అందులో తప్పేమీ లేదు. కడియం లోపల ఒక్క వేలిముద్ర పడినా దాని జిడ్డు ఆవిరై శూన్యం చెడుతుంది. అందుకని మూలనున్న బల్లమీద కొబ్బరికాయ కొట్టి, స్పానర్లకు బొట్లు పెట్టాం. గిరిధరరావు మొహం మాత్రం మాడిపోయింది. యంత్రానికి తగలని పూజ పూజేనా అని కారులో దారి పొడుగునా గొణిగాడు.

మర్నాడు డాలీ లోపలంతా స్పిరిటుతో తుడిచి, భోజనం చేసి వచ్చి ఆఖరి మూత బిగించింది. పంపులు వేశాం. వారం గడిచినా శూన్యం కావలసినంత లోతుకు దిగలేదు. లోపలేం మిగిలిందో చెప్పే మీటరు నూనె అని చూపించింది. పంపులు విడదీసి చూస్తే వాటిలో తప్పు లేదు.

తలనూనె అన్నాడు జెరాల్డ్. చూపు డాలీ జడమీద ఉంది. గిరిధరరావు తల ఊపాడు. ఇక్కడివాళ్లు కొబ్బరినూనెలో తల ముంచుకుంటారని, ఎంత చెప్పినా వినరని ఇంగ్లీషులో వివరించాడు. కడియం పనిచేస్తుందనుకుని ముందే వేసిన ఇంటర్వ్యూ మర్నాడే. దాన్ని రద్దు చేయాల్సి వస్తుందని జెరాల్డ్ చాలా బాధపడుతున్న గొంతు పెట్టి అన్నాడు.

కడియం విప్పి చూడమన్నాను. గిరిధరరావు ఒప్పుకోలేదు. విప్పితే డర్బన్ చెమ్మగాలి దూరుతుందట, వేడిచేస్తే నూనె అదే పోతుందట. అంత కంగారు ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

డాలీ అప్పటికే స్పానర్ తీసుకుంది. “ఓపెన్ చేస్తా అంకుల్. నా ఎంట్రుక దొరికితే రేపు నేను రాను.”

మూత తీసింది. ఎదురుగా ఏమీ లేదు. చిన్న అద్దం లోపల పెట్టి పైగోడ చూసింది. తర్వాత అద్దం నా చేతికిచ్చి పక్కకు జరిగింది. మూత తీసిన కన్నానికి పైన, లోపలి గోడమీద, మామూలుగా చూస్తే కనబడని చోట, నూనె సింధూరంతో అరచేతి మేర ‘శ్రీ’ రాసి ఉంది. అక్షరం ముత్యంలా ఉంది, అబద్ధం ఎందుకు.

జెరాల్డ్ తొంగిచూసి, ఏమిటిదన్నాడు. ఇక్కడి ఇండియన్లు కొత్త వస్తువులకు వేసే గుర్తు అన్నాడు గిరిధరరావు. తెలుగు రాతా అని జెరాల్డ్ అడిగాడు. గోల్డ్ మెడల్ గిరిధరరావు, ఆదివారం పంతులు గిరిధరరావు, నుదుట చెమట తుడుచుకుంటూ అన్నాడు: “సరిగ్గా తెలియడం లేదు.”

ఇంతకన్న నీచం నేను చూడలేదు. రోజూ దండం పెట్టే అక్షరాన్ని ఎరగనన్నాడు, ఒక ఆడమనిషి పొట్ట కొట్టడానికి.

నేను చదివాను. పైకే చదివాను. డాలీకి తెలుగు రాయడం రాదని ఈయనే భోజనాల దగ్గర ఆడి చూపించాడు గదా, మీరూ నవ్వారు గదా అని జెరాల్డ్‌ను అడిగాను. ఈ షెడ్డులో ఆ అక్షరం రాయగలిగినవాళ్లం ఇద్దరమే, అందులో సింధూరం పెట్టుకునేది నేను కాదని చెప్పాను. డాలీ భోజనానికి వెళ్లినప్పుడు రాశానని, యంత్రం మంచికోసమేనని గిరిధరరావు అన్నాడు, చాలా నెమ్మదిగా, తెలుగులో.

జెరాల్డ్‌కు న్యాయం గుర్తుకు రాలేదు, యూనియన్ గుర్తుకు వచ్చింది. ఈ మాట ఈ గది దాటకూడదన్నాడు. జరిగిందేదో జరిగింది, డాలీ మళ్లీ ఒకసారి తుడిచేస్తే సరిపోతుందన్నాడు.

డాలీ ఆయన వైపు చూడలేదు. గ్లౌజులు, స్పిరిటు సీసా, తెల్లగుడ్డలు తెచ్చి గిరిధరరావు ముందు పెట్టింది.

“నువ్వు రాసినావు అంకుల్. నువ్వే తుడువు.”

ఆయన జెరాల్డ్ వైపు చూశాడు. జెరాల్డ్ జెండా వైపు చూశాడు. గోల్డ్ మెడల్ కోటు విప్పి, చేతిని భుజందాకా దూర్చి, చెంప ఉక్కుకు ఆనించి తుడవడం మొదలుపెట్టింది. నాకు సంతోషం వేసింది. దాచుకోను.

రేపు ఇంటర్వ్యూకు వస్తావు గదా అని జెరాల్డ్ ఎంతో మెత్తగా డాలీని అడిగాడు.

“ఏం ఇంటర్వ్యూ?” అంది డాలీ, అతనితో ఇంగ్లీషులోనే. “ఇప్పుడు జరుగుతున్నది చాలదా? రేపు ఉద్యోగం ఆర్డర్ ఇవ్వు. లేకపోతే మూత నువ్వే బిగించుకో.”

జెరాల్డ్ ఇస్తానన్నాడు.

గిరిధరరావు చెయ్యి బయటికి తీసి, అయిపోయిందన్నాడు. డాలీ కొత్త గుడ్డ తీసుకుని లోపల ఒకసారి రాసి, వెలుతురులో పట్టి చూసింది. ఒక చివర నారింజరంగు తగిలింది. గుడ్డను ఆయన మొహం ముందు పెట్టింది.

“ఇంకా ఉంది. మళ్లీ.”