సువార్త సిస్టర్ నంబర్ల పుస్తకం

నేను ఒక ఫోన్ నంబర్ల పుస్తకాన్ని. అరచేతికంటే కాస్త పెద్దగా, ముదురు నీలం రెక్సిన్ అట్టతో ఉంటాను. ఏలూరు పవర్‌పేటలో ఒక బైండింగు షాపులో నన్ను కుట్టారు. నాతోపాటు పుట్టినవాళ్ళు ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళారో తెలియదు. నేను మాత్రం ఒక నర్సు చేతికి వెళ్ళాను. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం.

ఆమె పేరు సువార్త. ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా స్టాఫ్ నర్సు. డయాలసిస్ వార్డు ఇన్‌ఛార్జి పోస్టు ఆమెకే వస్తుందని అందరూ అనుకున్నారు. తీరా గుంటూరు నుంచి వచ్చిన అలివేలుకు ఇచ్చారు. అలివేలు నాలుగేళ్ళు చిన్నది, కాని ఆరు నెలల డయాలసిస్ శిక్షణ పొందిన సర్టిఫికెట్టు ఉంది. అలాంటి శిక్షణ ఒకటుందనే సంగతే సువార్తకు తెలియదు.

వారం రోజులు ఆమె అలివేలుతో ముక్తసరిగా మాట్లాడింది. ఎనిమిదో రోజున ఉండబట్టలేక అడిగింది.

"ఆ ట్రైనింగు సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

"మా సీనియర్ ఒకావిడ అక్కా. టీ తాగుతా మాటల్లో చెప్పింది."

"నాకట్టా చెప్పేవాళ్ళు లేకపోయారు."

"ఇప్పుడు నేనున్నాగా. రాసుకో నా నంబరు. ఆవిడదీ ఇస్తా."

సువార్త రెండు నంబర్లూ అరచేతి మీద రాసుకుంది. నర్సు చేతి మీద రాత ఎంతసేపు నిలుస్తుంది? వాళ్ళు రోజుకు నలభైసార్లు చేతులు కడుగుతారు. డ్యూటీ దిగేసరికి సగం అంకెలు పోయాయి. మర్నాడు సిగ్గుపడుతూనే, దారిలో నన్ను కొనుక్కుని, మళ్ళీ అడిగి రాసుకుంది. ఏ మనిషి తన పోస్టు పట్టుకుపోయిందని కుమిలిపోయిందో, ఆ మనిషి పేరే నా మొదటి పేజీలో పడింది. నాకు గర్వం పుట్టింది అక్కడే.

ఆ ఏడాదే విజయవాడలో నర్సుల సదస్సు జరిగింది. సువార్త గోడపక్కన నిలబడిపోయింది. అలివేలు వచ్చి గదమాయించింది.

"ఇక్కడ నిలబడితే ఎవరొస్తారక్కా? భోజనాల వరసలోకి పద. పక్కావిణ్ణి ఏ వార్డని అడుగు, చాలు."

సాయంత్రానికి నాలో ఏడు పేర్లు చేరాయి. పక్క హాల్లో పెద్ద డాక్టర్లు మెరుపు అక్షరాల కార్డులు మార్చుకున్నారు. వాటిలో కొన్ని తర్వాత చెత్తబుట్టలో కనిపించాయి. నా పేర్లు మాత్రం మోకాలి మీద పెట్టి రాసినవి, నిలిచాయి. సువార్త ఒక్కో పేరు పక్కన ఆ మనిషికేం తెలుసో రాసేది, దాని కింద ఆ మనిషికేం కావాలో రాసేది. ఆ ఏడుగురిలో ఒకరైన తుని సిస్టరుకు పిల్లల వార్డు నోట్సు కావాలంటే రాసి పంపింది. తీసుకోవడమే అయితే ఇది పుస్తకం కాదు, అడుక్కునే చిప్ప అనేది.

మరుసటి ఏడు సువార్త డయాలసిస్ శిక్షణకు వెళ్ళింది. సీట్లున్నాయని కబురు చెప్పింది ఆ ఏడుగురిలో ఒకావిడే. తిరిగి వచ్చాక, అలివేలు హెడ్ నర్సు అయినప్పుడు, సువార్త ఇన్‌ఛార్జి అయింది.

తర్వాత జరీనా వచ్చింది. ఐసీయూలో ఐదేళ్ళు చేసిన పిల్ల. నర్సింగు కాలేజీలో పాఠాలు చెప్పాలని ఆశ, ఫోన్ చేయాలంటే భయం. సువార్త నన్ను ఆమె ముందు తెరిచింది.

"ఈవిడ నెల్లూరులో ట్యూటరు. చెయ్యి."

"ముక్కూ మొహం తెలీనావిణ్ణి ఉద్యోగం ఇప్పించమని ఎట్టా అడిగేది అమ్మా?"

"ఉద్యోగం అడగమాక. ఆవిడ ఆ పని ఎట్టా నేర్చుకుందో అడుగు. తన కష్టం చెప్పుకోడానికి ఎవరికి చేదు?"

జరీనా చేసింది. నెల్లూరావిడ ముప్పావుగంట మాట్లాడింది. మొదటి ఇంటర్వ్యూలో జరీనా నోరు పెగలక ఓడిపోయింది. ఆ సంగతి విని నెల్లూరావిడ ఆమెను పిలిపించి, తన క్లాసులో విద్యార్థుల ముందు నిలబెట్టి, రెండు రోజులు పాఠం చెప్పించింది. రెండో ఇంటర్వ్యూలో జరీనా నెగ్గింది. కబురు తెలిసిన రోజున సువార్త వార్డులో అందరికీ వినబడేలా ఏడ్చింది. తన పోస్టు వచ్చినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

సువార్త పదవీ విరమణ రోజున యాజమాన్యం ఒక శాలువా, నలభై కుర్చీలు ఏర్పాటు చేసింది. పదకొండయ్యేసరికి కుర్చీలు చాల్లేదు. తుని నుంచి, నెల్లూరు నుంచి, గుంటూరు నుంచి, షిఫ్టులు మార్చుకుని, కొందరు డ్యూటీ తెల్లచీరల మీదే, ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. గోడల వెంట నిలబడ్డారు, మెట్ల మీద కూర్చున్నారు. నా పేజీల్లోని అక్షరాలకు మొహాలు రావడం నేను అదే మొదటిసారి చూశాను.

ఆసుపత్రి మేనేజరు కంగారుగా సువార్త దగ్గరికి వంగాడు.

"ఏంటమ్మా, వీళ్ళంతా మీ చుట్టాలా?"

సువార్త హాలంతా ఒకసారి చూసింది.

"కాదండీ. ఒక్కొక్కళ్ళనీ అడిగి సంపాదించుకున్నా."