ఏప్రన్ జేబులో దారం

లాండ్రీలో అందరూ ఆమెకు పెట్టిన పేరు జేబుల పోలీసు. మిషన్లోకి వెళ్ళే ప్రతి చొక్కా, ప్రతి ప్యాంటూ ముందు ఆమె చేతుల మీదుగా పోవాల్సిందే. ఏ జేబులోనో పెన్ను ఉండిపోయి మిగతా బట్టలు పాడుకాకుండా చూడడం ఆమె పని. చొక్కా పొట్టయిపోయిందని గొడవకొచ్చే వాళ్ళకు జవాబు చెప్పేదీ ఆమే. "నూలు బట్ట వేడినీళ్ళకు కుంచించుకుపోతుందండీ, చీటీ మీద రాశాం కదా" అని రోజూ ఎవరో ఒకరికి చెప్పి పంపాల్సి వచ్చేది. జేబులో దొరికినదాన్ని బట్టి మనిషి గుట్టు విప్పడం మాత్రం ఆమె జీతం లేకుండా చేసే సేవ. రెండు సినిమా టిక్కెట్లు కనబడితే చాలు, "ఈయన పెళ్ళాం ఊళ్ళో లేదు, చూస్కోండి" అనేది. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. అదే వచ్చిన చిక్కు. తన అనుమానం తప్పయ్యే వీలుందన్న సంగతే ఆమెకు తట్టడం మానేసింది.

అలాంటి మనిషి బేకరీ అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానని ఒప్పుకుంది. బేకరీ ఏప్రన్లు వారం వారం ఈ లాండ్రీకే వచ్చేవి. వాటిని మూటకట్టి తెచ్చేది అతనే. వెన్న మరకలు ఓ పట్టాన వదలవు కాబట్టి వాటిని మరిగే నీళ్ళలో ఉతికేవాళ్ళు. ఎన్ని మూటలు విప్పినా అతని జేబులో పిండి తప్ప ఇంకేమీ దొరకలేదు. ఆ ఒక్క యోగ్యత చూసే ఈవిడ మనసిచ్చిందని వదిన ఎగతాళి చేసేది. వదిన అంటే అన్న భార్య. అదే లాండ్రీలో ఇస్త్రీ బల్ల ఆవిడది.

ఇద్దరి జీతాలూ అంతంతమాత్రమే. పెళ్ళయ్యాక ఉండడానికి ఒక గది చూసుకున్నారు. దాని అడ్వాన్సు కూడబెట్టడానికే కిందామీదా పడుతున్నారు. "నిశ్చితార్థానికి ఉంగరం గింగరం అని మొదలుపెట్టకు, నాకేం వద్దు" అని ఆమే ముందుగా చెప్పేసింది. అతను సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నందుకు ఆమె మనసు చివుక్కుమంది. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఒకరోజు జ్వరమొచ్చి ఆమె పనికి వెళ్ళలేదు. ఆ రోజు జేబులు వదిన చూసింది. వదిన చూడడమంటే పైనుంచి ఓసారి తట్టి వదిలేయడం. మర్నాడు ఆమె ఉతికి ఆరిన ఏప్రన్లు మడతపెడుతుంటే అతని ఏప్రన్ జేబులో ఏదో తగిలింది. తీసి చూస్తే దారం. కేకు డబ్బాలకు కట్టే, ఎరుపూ తెలుపూ కలిపి పేనిన నూలు దారం. దాన్ని గుండ్రంగా ముడివేసి, కొసలు శుభ్రంగా కత్తిరించి ఉంది.

ఉంగరం కొలత. ఆమె గుండె గంతేసింది. ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని దాన్ని తన ఉంగరపు వేలికి తొడిగింది. అది వేలి నడిమి కణుపు దగ్గర ఆగిపోయింది. తిప్పింది, నెట్టింది, వేలు తడిచేసుకుని మళ్ళీ చూసింది. ససేమిరా దిగలేదు.

మరి ఎవరి వేలిది?

వెలుతురులో పట్టి చూసింది. తెల్ల పోగు తెల్లగా లేదు, లేత గులాబీ రంగుకు తిరిగింది. గోళ్ళ రంగు అంటుకుందని ఇట్టే తేల్చేసింది. బేకరీ కౌంటర్లో కూర్చునే పిల్ల గోళ్ళకు వేసుకునేది అచ్చం అదే రంగు. ఆ పిల్ల వేళ్ళు కూడా సన్నగా, నాజూగ్గా ఉంటాయి.

"పోయి అతన్నే అడిగెయ్యరాదూ," అంది ఆమె చెప్పినదంతా విన్న వదిన.

"దొంగను అడిగితే చెప్తాడా? నేను అడగను. చూస్తా."

దారాన్ని మళ్ళీ అదే జేబులో పెట్టి, ఏప్రన్ ఇస్త్రీ చేయించి, ఏమీ ఎరగనట్టు అతనికి అందించింది. అది మొదలు కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. అతను బస్సెక్కడం మానేసి నడిచి వస్తున్నాడు. టీ తాగుదామంటే ఇప్పుడే తాగానంటున్నాడు. ఎందుకు నడుస్తున్నావని అడిగితే, "ఒంటికి మంచిది కదా," అని నీళ్ళు నమిలాడు. ఆమె అక్కర్లేకపోయినా బేకరీకి వెళ్ళి ఒక బన్ను కొని, చిల్లర తీసుకునే నెపంతో కౌంటరు పిల్ల వేళ్ళను కళ్ళతోనే కొలిచింది. ఆ పిల్ల పలకరింపుగా నవ్వింది. ఆ నవ్వులోనూ ఆమెకు ఏదో కనబడింది.

తర్వాతి సెలవు రోజున అతను బేకరీలో అదనపు పని ఉందన్నాడు. ఆమె బేకరీ మలుపులో కాపు కాసింది. అతను బేకరీ దాటి నేరుగా నగల కొట్ల వీధిలోకి నడిచి, ఒక కంసాలి కొట్లోకి వెళ్ళాడు. ఆమె ఎదురుగా ఉన్న గొడుగుల కొట్టులో గొడుగు బేరమాడుతున్నట్టు నిలబడి, అద్దంలోంచి అంతా చూసింది. అతను దారం తీసి ఇచ్చాడు. కంసాలి దాన్ని ఉంగరాల కొలత కడ్డీకి ఎక్కించి ఏదో అన్నాడు. అంతే, అతని ముఖం వెలిగిపోయింది. నలిగిన నోట్లన్నీ బల్ల మీద పరిచి, కంసాలి చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు.

తను వద్దన్నదాన్ని ఇంకొకరి కోసం అంత సంబరంగా కొంటున్నాడు. ఆమెకు కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. గది వద్దని ఆ ఇంటి యజమానికి చెప్పేయాలని దారిలోనే నిర్ణయించుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అతను ఆమె ఇంటికొచ్చాడు. ఒక చేతిలో కేకు డబ్బా. అది బల్ల మీద పెట్టి, జేబులోంచి చిన్న పెట్టె తీసి తెరిచాడు. లోపల సన్నటి ఉంగరం.

"నాకా?" అంది ఆమె.

"నీకు కాక ఇంకెవరికి?"

వేలికి తొడిగాడు. అది నడిమి కణుపు దగ్గర, దారం ఆగిన చోటే ఆగిపోయింది.

"ఇది నాది కాదు." ఆమె ఉంగరం తీసి అతని చేతిలో పెట్టింది. "ఆ దారం నేను చూశాను. ఆ పిల్ల వద్దంటే నా దగ్గరికి తెచ్చావా?"

"ఏ పిల్ల?"

"గులాబీ గోళ్ళ పిల్ల."

అతను అయోమయంగా చూశాడు. "ఆ దారం నీ వేలిదే. ఆ మధ్య బస్సులో నా భుజం మీద నిద్రపోయావు కదా, అప్పుడు కొలిచా."

"నాదైతే నాకెందుకు పట్టలేదు? పెట్టుకుని చూశాను."

"కొలిచినప్పుడు పట్టింది. వదులుగానే పట్టింది. ఏప్రన్ జేబులో పెట్టి, మర్చిపోయి మూటలో వేసేశా. పోయిందే అనుకున్నా. చూస్తే మళ్ళీ జేబులోనే తిరిగొచ్చింది."

గుమ్మంలో నిలబడ్డ వదిన మెల్లగా అడిగింది. "నేను జేబులు చూసిన రోజేనా?"

జేబుల పోలీసుకు అప్పుడు వెలిగింది. నూలు దారం, మరిగే నీళ్ళు, ఎరుపు దిగి గులాబీగా మారిన తెల్ల పోగు. ఊళ్ళోవాళ్ళందరికీ రోజూ చెప్పే మాట తన దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి కూడా తట్టలేదు.

"మొదటిసారి కంసాలిని అడిగినప్పుడు నా దగ్గరున్న డబ్బు చాలదన్నాడు," అతను ఉంగరాన్నే చూస్తూ అన్నాడు. "దారం చూపిస్తే, వేలు ఇంత సన్నమైతే బంగారం తక్కువ పడుతుంది, ఉన్నదాంతో చేసిస్తానన్నాడు. ఎంత సంతోషమేసిందో." తలెత్తాడు. "దారం నీకెప్పుడు దొరికింది?"

"ఉతికిన మర్నాడే."

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు ముభావంగా ఉంటున్నది అందుకా?" అన్నాడు. "నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా."

కోపంగా అని ఉంటే ఆమె ఏదో ఒక జవాబు చెప్పేది. కానీ అలా అనలేదు, అలసిపోయినట్టుగా అన్నాడు. ఉంగరాన్ని పెట్టెలో పెట్టి మూత వేయబోయాడు. ఆ మూత పడితే మళ్ళీ తెరుచుకోదేమోనని ఆమెకు భయమేసింది. కౌంటరు పిల్లను తలుచుకుని పడ్డ భయం దీని ముందు ఎందుకూ కొరగాదు.

కేకు డబ్బాకు కట్టిన దారం విప్పి, అతని చేతిలో పెట్టి, తన చెయ్యి చాచింది.

"కొలువు. ఈసారి మెలకువగానే ఉన్నాను. కలపాల్సిన బంగారం ఖర్చు నాది. మొదటి దారాన్ని పొట్టి చేసింది మా మిషనే."

అతను పెట్టెను బల్ల మీద పెట్టాడు. తర్వాత దారం చుట్టి ముడివేశాడు. వదిన కత్తెర తెచ్చిచ్చింది.

"నన్నింకేమైనా అడగాలా?" అన్నాడు కొసలు కత్తిరిస్తూ.

"ఒకటుంది."

అతని చెయ్యి ఆగింది.

"ఆ రోజు బస్సులో నోరు తెరుచుకుని పడుకున్నానా?"

"తెరుచుకునే," అన్నాడు. పెదవి చివర కొంచెం కదిలింది, నవ్వు మాత్రం పూర్తిగా రాలేదు.

కొత్త దారాన్ని వేలి నుంచి జాగ్రత్తగా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె చెయ్యి అలవాటుగా ఆ జేబు వైపు వెళ్ళింది. సగం దారిలో ఆపి, వెనక్కి తీసుకుంది.