నిలబడడం వరకే

“చుట్టాలు గుమ్మంలోకి రాగానే లేచి, మూడుసార్లు వంగి దండం పెట్టు. మొన్నటిలా కూలబడి మా పరువు తీయకు కోడలా,” అంది సైరాకన్, ఉడికిన గొర్రెమాంసం పళ్ళెంలోకి తీస్తూ.

మంచం అంచున పసిదానికి పాలిస్తున్న బురుల్ తల ఊపింది. కడుపు నిలవదేమోనన్న భయంతో డాక్టర్లు ఆమెను మూడు నెలలకు పైగా ఆసుపత్రి మంచం దిగనివ్వలేదు. బిడ్డ దక్కింది. ఇంటికొచ్చాక మాత్రం లేచినప్పుడల్లా కళ్ళముందు చీకట్లే. మొన్న మామగారికి వంగి లేవబోయి, ఊయలకు జానెడు పక్కగా పడింది. ఆ జానెడే ఆమెకు నిద్ర లేకుండా చేస్తోంది.

“మహారాణిలా పడుకుని తిన్నావు, ఇంకా నీరసమేంటి? వ్యోమగామివా, కుర్చీలో మోసుకెళ్ళడానికి?” అని అప్పుడు నవ్వాడు భర్త తాలంత్.

మర్నాడు బురుల్ అదే మాట చెబితే డాక్టరమ్మ నవ్వలేదు. “వాళ్ళకూ నీకూ వచ్చింది ఒకటే ఇబ్బంది. నిలబడగానే రక్తం కాళ్ళలోకి జారుతుంది. మెదడు ఆ క్షణంలోనే గుండెను తొందరపెట్టి, నాళాలను బిగించి దాన్ని పైకి తేవాలి. ఇన్నాళ్ళు పడుకునేసరికి ఒంట్లో రక్తం తగ్గింది, గుండె బలం తగ్గింది, మెదడుకు ఆ పని అలవాటు తప్పింది. మళ్ళీ నేర్చుకుంటుంది. అందాకా కూర్చుని కాళ్ళాడించి, మెల్లగా లే. వంగొద్దు.”

అంతరిక్షం నుంచి పొరుగుదేశపు మైదానంలో దిగిన వ్యోమగాములకు కుర్చీలు, పూలగుత్తులు. తనకు టీ కాచే సమోవారు, గిన్నెలు, అనుకుంది బురుల్. పెళ్ళయిన నాటినుంచి ఈ ఇంట్లో ఎవరు అడుగుపెట్టినా తను లేచింది. లేచిన ప్రతిసారీ తలలోపల ఇంకో కోడలు పరుగున వచ్చి రక్తాన్ని ఎత్తి పట్టుకుందన్నమాట. దానికి ఎవరూ మెచ్చుకోలు చెప్పలేదు, తను కూడా. చేతకానిరోజు వచ్చాకే అదొకతి ఉందని తెలిసింది.

తలుపు తెరుచుకుంది. మామగారి అక్క కాలియా మంచు బూట్లు విప్పుతూ, “ఏదే మన బాలింత?” అంది. గదిలో అందరూ లేచారు.

“లే,” అంది సైరాకన్ పళ్ళ బిగువున.

బురుల్ బిడ్డను తాలంత్ చేతుల్లో పెట్టింది. పాదాలు నేలకు ఆనించి మడమలు ఎత్తి దించసాగింది.

“ఏమ్మా, కాళ్ళకు తిమ్మిరా, మామీద కోపమా?” అంది కాలియా.

“రక్తం తలకెక్కాలి పెద్దత్తయ్యా. అందాకా మీరు కూర్చోండి.”

సైరాకన్ చేతిలో గరిటె ఆగిపోయింది. కాలియా బురుల్‌ను ఎగాదిగా చూసి, గొణుక్కుంటూనే కూర్చుంది.

అప్పుడు లేచింది బురుల్. చీకటి కమ్ముకొచ్చింది. గోడ పట్టుకుంది. గుండె దడదడలాడింది. కాసేపటికి చీకటి పలచబడి, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా తేలాయి.

“లేచావుగా, ఇక వంగు,” అంది సైరాకన్.

“వంగనత్తయ్యా. నిలబడడం వరకే.”