ఖాళీ గడిలో గీత

గణిత విభాగం ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాను. డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు కావాలో, ఏ కోర్సు తరవాత ఏది చదవాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. లెక్క మాత్రం ఒక్కటీ చెయ్యలేను. మా ప్రొఫెసర్లకు అదో పెద్ద జోకు. నవ్వుకోనివ్వండి, వాళ్ళ సెలవు చీటీలు కూడా నేనే నింపిపెట్టాలి.

టైలరమ్మ మా కాలేజీలో చేరేనాటికి ఆమెకు ముప్ఫై దాటాయి. పగలు బట్టల కొట్లో మిషను కుట్టి, సాయంత్రం క్లాసులకు వచ్చేది. ఆ పేరు తోటి పిల్లలు పెట్టింది. చేరేటప్పుడు పెట్టే పరీక్షలో నూటికి తొంభై ఆరు తెచ్చుకుంది. అన్ని మార్కులు వస్తే మొదటి కోర్సు, అంటే కాల్కులస్ ఒకటి, చదవక్కర్లేదు. మినహాయింపు ఫారం నేనే నింపాను. అందులో అడుగున 'బదులుగా చదవాల్సిన కోర్సు' అని ఒక గడి ఉంటుంది. అక్కడ తప్పకుండా ఏదో ఒకటి రాయాలి. క్లాసు మినహాయిస్తారు గానీ దాని నాలుగు క్రెడిట్లు ఊరికే ఇవ్వరు. ఆ రోజు నా కిటికీ ముందు నిలబడ్డవాళ్ళు గేటు దాకా ఉన్నారు. విసుగులో ఆ గడికి అడ్డంగా గీత గీసి, ముద్ర కొట్టి, "నీకింకేం అక్కర్లేదమ్మా, హాయిగా రెండోదాంట్లో కూర్చో" అన్నాను.

నాలుగేళ్ళ తరవాత, చివరి పరీక్షలు కూడా రాసేసి పట్టా కోసం వచ్చింది. కంప్యూటర్లో ఆమె క్రెడిట్లు తీశాను. నూట ఇరవై ఉండాలి, నూట పదహారే ఉన్నాయి. మళ్ళీ తీసినా అంతే.

"నాలుగు తగ్గాయమ్మా" అన్నాను.

"అదేంటి మేడం? నేను ఒక్కటి కూడా తప్పలేదు కదా!"

"మొదటి కోర్సు బదులు ఇంకోటి చదవాల్సింది." నాలుగేళ్ళ కిందట నేను గీసిన గీత గుర్తొచ్చింది.

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "నేనే సరిగ్గా వినుండను. ఆ రోజు మిషను మీంచి లేచి పరుగెత్తుకొచ్చా. మీరిచ్చిన కాగితం కూడా ఎక్కడ పారేసుకున్నానో."

తప్పు తన నెత్తిన వేసుకుంటుంటే నేను కంప్యూటరు తెర వంకే చూస్తూ కూర్చున్నాను. ఒక బళ్ళో లెక్కల టీచరు పోస్టు ఆమె కోసం ఆపి ఉంచారట. బడి తెరిచే రోజుకల్లా పట్టా చూపించాలి. నెల రోజులుంది.

"కళ్ళు పోతున్నాయి మేడం. ఇంకో రెండేళ్ళు కుడితే మిగిలిన చూపు కూడా ఉండదన్నాడు డాక్టరు. సూదిలో దారం ఇప్పుడు మా ఆయనే ఎక్కిస్తున్నాడు. ఆయనక్కూడా కళ్ళజోడే!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆమె వెళ్ళగానే ఫైలు తీశాను. ఫారం ఉంది. నా రాత, నా గీత, నా ముద్ర. దాన్ని మడిచి నా సొరుగులో పెట్టి తాళం వేశాను.

మర్నాడు హెడ్డు గారు నన్ను పిలిచారు. "పాపం, బాగా చదివే మనిషి. ఆఫీసు పొరపాటు అని మీరు ఒక్క లైను రాసిస్తే కమిటీ రేపే నిబంధన సడలిస్తుంది. ఫైల్లో ఏమన్నా ఉందా?"

కిందటేడు నేను పరీక్ష హాలు నంబర్లు తారుమారు చేసి సగం క్లాసును వేరే భవనానికి పంపాను. ఇంకోసారి ఇలా జరిగితే నేలమాళిగలో పాత రికార్డుల గదికి మారుస్తానని అప్పుడే ఈయన మెమో ఇచ్చారు. ఆ గదికి కిటికీ కూడా లేదు.

"ఏమీ లేదు సార్" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసరికి నాకే భయమేసింది.

ఇక ఆ ఒక్క లైను తప్ప మిగతావన్నీ చేశాను. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాను. పట్టా కొన్నాళ్ళు ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండని బడివాళ్ళకు ఫోను చేసి బతిమాలాను. ఆ నాలుగు క్రెడిట్లు వచ్చేలా కొత్త టర్ములో సాయంత్రం పూట ఆ మొదటి కోర్సునే, కాల్కులస్ ఒకటిని, పెట్టించాను. పదిమంది చేరితేనే క్లాసు నడుపుతారు, తొమ్మిదిమందే వచ్చారు. పదో పేరు నాదే రాసుకున్నాను.

టైలరమ్మ నా పక్కనే కూర్చునేది. ఆమెకు ఆ పాఠాలన్నీ కంఠతా వచ్చు. అయినా వచ్చి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని నాకు నేర్పేది. పది రోజుల్లో ఆమె పిలుపులో 'మేడం' పోయి 'అక్క' వచ్చింది.

"ముందు వాళ్ళిచ్చిందేంటో రాయండక్కా. ఉన్నది ఉన్నట్టు మొదటి లైను పెట్టేస్తే సగం లెక్క అయిపోయినట్టే. మీరెప్పుడూ అక్కడే ఆగిపోతారేంటి?"

మూడో వారంలో బడి తెరిచారు. ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ సంగతి ఆమె కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంటూ, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది. ఇప్పుడు నిజం చెప్పి మాత్రం ఏం లాభం, అనుకున్నాను. అలా అనుకోగానే కొంచెం హాయిగా అనిపించింది. ఆ హాయికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పరీక్షలో ఆమెకు నూటికి నూరు. నాకు నలభై రెండు, నలభైకి పాసు. ప్రొఫెసర్లు నాకు చప్పట్లు కొట్టారు.

పట్టా తీసుకోవడానికి వచ్చిన రోజు మిషను నూనె వాసన వేస్తోంది.

"కుట్టడం మానలేదా?"

"ఇంకో బడి దొరికేదాకా కుట్టాలిగా అక్కా."

రిజిస్టరు ఆమె ముందు పెట్టాను. మొహం దాదాపు పేజీకి ఆనించి వెతికింది. "సంతకం ఏ గడిలో?"

ఆమె వేలు పట్టుకుని ఖాళీ గడి మీద పెట్టాను. తడుముకుంటూ సంతకం చేసి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మీరు లేకపోతే ఈ పట్టా నాకు వచ్చేదే కాదక్కా" అంది.

నేను కాదనలేదు.