తుంగ పీకిన శనివారం

నా పేరు యేసయ్య. నారాయణఖేడ్ బస్ డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేశాను. మురికి కనబడితే నా చెయ్యి ఊరుకోదు. రిటైరయ్యాక ఇంటి వెనక కుంట మీద పడ్డాను. బజారు మురికినీళ్ళ మోరీ వచ్చి కలిసే వైపంతా తుంగ గుబురుగా పెరిగి, నా కంటికి అసహ్యంగా ఉండేది.

మా చర్చి యువకుల్ని కూడగట్టి ఒక శనివారం మొత్తం వేళ్ళతో సహా పీకించాను. చాపలు అల్లే హన్మమ్మ గట్టు మీదికి ఉరికొచ్చింది. ఆమె ఏటా ఆ తుంగను సగమే కోస్తుంది, అదీ జానెడు మొదలు వదిలి.

"ఏంది యేసయ్యా గీ పని? కొయ్యాలంటే కొయ్యి, గడ్డలు పీకకు. మోరీ నీళ్ళను గదే ఆపుతది."

"నీ చాపల బాధ నీది అక్కా," అని నవ్వాను. పొగరు తలకెక్కితే అంతే.

మరునాడు ఆదివారం, చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, కుంటను శుభ్రం చేసే బలమిచ్చిన దేవునికి స్తోత్రమన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. మోరీ పొంగి, గ్యారేజీల నూనె, సబ్బు నురగ, మార్కెట్ కుళ్ళు ఆగకుండా కుంటలోకి వచ్చిపడ్డాయి. నాలుగు రోజులకు చేపలు చచ్చి తేలాయి. తుంగలో గూళ్ళు కట్టుకునే నీటికోళ్ళు అంతకుముందే వెళ్ళిపోయాయి; వాటిని వెళ్ళగొట్టింది నేనేనని అప్పుడు గానీ తట్టలేదు. వారం తిరిగేసరికి గట్టు కింది బావి నీళ్ళు కంపు కొట్టాయి. పది ఇళ్ళవాళ్ళం తాగేది ఆ నీళ్ళే.

నా భార్య లిదియా ఆ నీళ్ళ చేదను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఫిల్టర్ పీకి బండి నడిపితే ఏమైతదో డిపోల అందరికీ చెప్తుంటివి గదా," అంది.

తుంగ కాడలు వాన నీటి వేగాన్ని తగ్గిస్తాయని, మడ్డి అక్కడే దిగుతుందని, మిగిలినదాంట్లో చాలావరకు వేళ్ళు పట్టుకుంటాయని ఫిల్టర్లు మార్చినవాడికి ఒకరు చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఆదివారం మళ్ళీ సాక్ష్యానికి లేచాను. "బావి పాడు చేసింది నేనే. హన్మక్క చెప్పినా వినలే," అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

చర్చి నుంచి నేరుగా హన్మమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె తిట్టాల్సినవన్నీ తిట్టింది. మరునాడు షేర్ ఆటోలో మనూర్ వైపు తనకు తెలిసిన కుంటకు తీసుకెళ్ళింది. రెండు సంచుల తుంగ గడ్డలతో తిరిగొచ్చాం.

మోరీ మూతి దగ్గర, మోకాలి లోతు బురదలో నేను గుంతలు తీస్తుంటే ఆమె నాటుతోంది.

"బావి ఎప్పటికి బాగైతది అక్కా?"

"రెండు వానకాలాలు పోవాలె. గప్పటిదాంక దీనికి ఎవ్వరు కొడవలి పెట్టద్దు. నేను గూడ."

నా చేతిలో పార ఆగిపోయింది. నీళ్ళ గురించే పరేషాన్ అవుతున్నాను తప్ప, ఆమెకు రెండేళ్ళు అల్లడానికి పోచ కూడా ఉండదని ఒక్కసారైనా అనుకోలేదు.

"మరి నీ చాపలు?" అన్నాను.

"కందిచేన్ల కలుపు కూలికి పోత తియ్యి," అంది హన్మమ్మ, తలెత్తకుండా. "ఆ గుంత జర లోతు తియ్యి. లేకుంటే గడ్డ తేలుతది."