నాలుగు ఆఠీన్లు

"నువ్వు ఊరికే పాస్ అంటే చాలు. మిగతాదంతా నేను చూసుకుంటా."

హనుమేష్ ఈ మాట అన్నప్పుడు శివలీల జొన్నరొట్టె తడుతోంది. చేతులు పిండిలో ఉన్నాయి, చెవులు మాత్రం ఆయనకే అప్పగించింది. పాతికేళ్ళుగా అంతే కదా. ఇల్లు కట్టేటప్పుడూ ఆయన ఇదే అన్నాడు, కూతురు హర్షిణిని ఏ కాలేజీలో వేయాలో తేల్చేటప్పుడూ ఇదే అన్నాడు. కాకపోతే ఈసారి ముందు డైనింగ్ టేబుల్ మీద పేకముక్కలు పరిచి మరీ అన్నాడు.

సంగతేమిటంటే, కర్నూలులో విత్తనాల వ్యాపారం చేసే హనుమేష్‌కు ఆదివారమైతే క్లబ్బు, క్లబ్బంటే బ్రిడ్జి. ఇరవై ఏళ్ళుగా ఆయనకు జతగా కూర్చునే గిడ్డయ్య సారు కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. కడప క్లబ్బు వాళ్ళు పోటీకి వస్తున్నారు. బ్రిడ్జి జతలు జతలుగా ఆడాల్సిన ఆట. ఎవరి జత వాళ్ళకు ఉంది, ఖాళీగా ఉన్నది పెళ్ళామొక్కతే.

"పేకలు పట్టే ఆడది కొంపకు దీపం పెడతాదా?" అంటూ అత్త సిద్దమ్మ నడవాలోంచి గొణిగింది.

"ఇది పేకాట కాదమ్మా, బ్రిడ్జి. కలెక్టర్లు ఆడతారు" అన్నాడు హనుమేష్.

శివలీలకు నవ్వొచ్చింది. పెళ్ళయిన కొత్తలో చెల్లెళ్ళతో కూర్చుని సరదాగా ముక్కలు పంచినందుకు ఇదే మనిషి ఒక పూట అన్నం మానేశాడు. ఆ యాభై రెండు ముక్కలే ఇప్పుడు కలెక్టర్ల స్థాయికి ఎదిగాయి.

రెండు సాయంత్రాలు నేర్పి ఆయన విసిగిపోయాడు. "ఇది నీ తలకెక్కేది కాదు. పాస్ అను" అని దుకాణానికి వెళ్ళిపోయాడు. శివలీల ఆ పేకదస్తా కొంగులో పెట్టుకుని రెండిళ్ళ అవతల ఉండే కృపమణి మేడమ్ దగ్గరికి వెళ్ళింది. ఆమె లెక్కల లెక్చరర్‌గా రిటైరయిన మనిషి. చదువుకునే రోజుల్లో వేలూరు హాస్టల్లో బ్రిడ్జి నేర్చుకుంది.

"మా సంఘంలో తెలిసిందంటే పాస్టరు గారు నా పేరు చెప్పి ప్రార్థన పెట్టిస్తాడమ్మా" అని నవ్వి, మేడమ్ తలుపు దగ్గరకు వేసింది. "రా, కూచో. ముందు ఆట సంగతి మర్చిపో. పాట సంగతి చెప్తా."

ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి అని చేతిలో బలం లెక్కపెట్టుకోవాలి. నలుగురూ వరసగా పాడాలి, వేలం పాట మాదిరి. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే అది ఒక పట్టు. ఒకటి అంటే ఏడు పట్లు గెలుస్తామని, నాలుగు అంటే పది గెలుస్తామని, పలికిన రంగే మిగతావాటిని కొట్టే తురుఫు అని మాట ఇచ్చినట్టు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే మార్కులు, తప్పితే జరిమానా. ఇక్కడిదాకా శివలీలకు కొరుకుడు పడింది. ఆ తర్వాత మేడమ్ చెప్పినవి మాత్రం ఆమెను కూర్చున్న కుర్చీలోనే కట్టేశాయి.

"నీ వంతు వచ్చినాక నువ్వు నోరు తెరిచేదాకా ముగ్గురూ ఆగల్ల. ఎంతసేపయినా సరే."

"ఎవురూ మధ్యలో మాట్లాడకూడదా?"

"ఎట్ల మాట్లాడతారు? వంతు నీది కదా. ఇంకోటి విను. మొహం చిట్లించి, గొంతు పెంచి, ముక్క దబీమని కొట్టి జతగానికి సైగ చేయకూడదు. పాటలో ఏం చెప్తావో అంతే నీ మాట. ఆ మాట వినుకొని అవతలి మనిషి జవాబు చెప్పల్ల."

శివలీల ఇంట్లో మాట్లాడేదంతా గిన్నెల చప్పుడుతోనే. కోపమొస్తే మూత కాస్త గట్టిగా పడుతుంది, బాధ కలిగితే చారులో ఉప్పు తగ్గుతుంది. అత్త అది విని "ఏమి పొగరు" అంటుంది, మొగుడు అసలు వినడు. ఇలాంటి లోకంలో ఎవరో ఎక్కడో కూర్చుని, ఒక మనిషి మాట పూర్తయ్యేదాకా మిగతా ముగ్గురూ నోరు మూసుకుని ఉండాలని రూలు రాశారా! అదీ ఉత్త ఆట కోసం! ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. గుడిలో గర్భగుడి తలుపు తెరిచినప్పుడు కలిగేలాంటి భయభక్తి కలిగింది.

"పోటీలో ఇంకో వింత ఉండాది" అంది మేడమ్. "మీరు ఆడిన ముక్కల్నే చెదరకుండా పక్క టేబుల్‌కు పంపుతారు. నీకు మంచి ముక్కలు పడినాయా, చెత్త పడినాయా అన్నది లెక్క కాదు. అవే ముక్కలతో పక్కోళ్ళు ఏం చేసినారు, నువ్వు ఏం చేసినావు, అదే లెక్క."

తనకు పడిన ముక్కలు ఇంకెవరి చేతిలోనైనా పడితే ఏం చేసేవాళ్ళో అన్న ఆలోచన శివలీలను ఆ రోజంతా వదల్లేదు. పప్పు ఎనుపుతూ, బట్టలు మడతపెడుతూ అదే తలుచుకుంది. ఇన్నాళ్ళూ తన తలరాత అనుకున్నదానికి ఇలా కూడా లెక్క కట్టొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఆ పోటీ ముగిసిన మర్నాడు పత్తికొండలో ఇంకో పని ఉంది.

నాలుగేళ్ళ కిందట పుట్టింటి నుంచి వస్తూ, ధర లేక రైతులు పత్తికొండ రోడ్డు మీద పారబోసిన టమోటాల మీదుగా కారు పోతున్నప్పుడు ఆమె అంది: "వీటిని ఒరుగులు చేసి అమ్మితే ఎట్లుంటాది?" హనుమేష్ రేడియో పెంచాడు. "ఇంట్లో ఎండబెట్టుకునే ఒరుగులు కూడా ఒక యాపారమా?" అని అత్త మూతి తిప్పింది. శివలీల ఊరుకోలేదు. భీమక్క అనే ఊరి మనిషిని, మరికొందరు ఆడవాళ్ళను కూడగట్టి, అద్దె షెడ్డులో జల్లెళ్ళ మీద ముక్కలు పరిచింది. ఏ మందంలో కోస్తే నల్లబడదో, ఎంత ఉప్పు పడితే బూజు రాదో చేతులు పొక్కించుకుని తెలుసుకుంది. ఒరుగులు హైదరాబాదు దాకా పోవడం మొదలయ్యాక హనుమేష్ బంధువులందరికీ చెప్పాడు, "ఆ పొద్దు రోడ్డు మీద టమోటాలు చూస్తానే నాకు తట్టింది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో అబద్ధం జాడ కూడా లేదు. నిజంగానే తనకే తట్టిందనుకుంటున్నాడు. శివలీలను ఎక్కువ కోసింది అదే.

ఇప్పుడు షెడ్డు పెద్దదయింది కాబట్టి దాన్ని చూసుకోవడానికి మగమనిషి కావాలట. బావగారి కొడుకు హర్షవర్ధన్‌కు సోమవారం తాళాలు ఇస్తారట. "నువ్వు శానా కష్టపడినావు. ఇంగ ఇంట్లో రెస్టు తీసుకో" అన్నాడు హనుమేష్. ఆ రోజు శివలీల పాస్ అంది. అంటే ఏమీ అనలేదు.

ఆదివారం క్లబ్బు హాల్లో ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. టేబుళ్ళ చుట్టూ మగవాళ్ళే. మూలన ఒక కుర్చీ లాక్కుని కృపమణి మేడమ్ చూడటానికి కూర్చుంది. హనుమేష్‌కు ఎదురుగా శివలీల, ఆమెకు ఎడమ వైపు కడప నుంచి వచ్చిన ఓబుళేశు, కుడి వైపు ఆయన జత. ఓబుళేశు నోరున్న మనిషి. చేతిలో బలం పన్నెండుకు చేరితే చాలు, పాటలో దూరిపోతాడు.

మొదట్లో శివలీల మొగుడు చెప్పినట్టే పాస్ అంటూ పోయింది. తర్వాత ఎర్ర హృదయం గుర్తు ముక్కలు బాగా పడి "ఒక ఆఠీను" అంది. హనుమేష్ వెంటనే "మూడు నో ట్రంప్" అన్నాడు. అంటే తురుఫు లేకుండా, తానే ఆడతానని. ఆయన చేతిలో నాలుగు ఆఠీన్లున్నాయి. ఆమె మాటనే పెంచి ఉండొచ్చు. కానీ అలా పెంచితే ఆట ఆమెదవుతుంది. ఒక జతలో ఆ రంగు పేరు మొదట ఎవరు పలికితే వాళ్ళే ఆడాలి, ఎంత పైకి పెంచినా సరే. పెంచినవాళ్ళు తమ ముక్కలు టేబుల్ మీద పరిచి ఊరుకోవాలి. ఈ రూలు చెప్పిన రోజు శివలీల మేడమ్‌ను రెండుసార్లు అడిగింది, "మొదట అన్నోళ్ళదేనా? పెంచినోళ్ళది కాదా?" అని. "మొదట అన్నోళ్ళదే" అంది మేడమ్. ఆ రాత్రి శివలీలకు నిద్ర పట్టలేదు.

నో ట్రంప్ ఆడి హనుమేష్ ఓడిపోయాడు. "నువ్వు ఆఠీను అని ఎందుకన్న్యావు? పాస్ అనమంటి కదా" అని పళ్ళ మధ్య నుంచి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కల్లోకి చూసుకున్నారు. శివలీల చెవులు వేడెక్కాయి.

ఆఖరి ఆటలో ఆమెకు ఆరు ఆఠీన్లు పడ్డాయి. ఆసు, రాణి, జాకీ అందులోనే ఉన్నాయి. "ఒక ఆఠీను" అంది. ఓబుళేశు పాస్ అన్నాడు. హనుమేష్ తల కూడా ఎత్తకుండా "మూడు నో ట్రంప్" అన్నాడు. కుడివైపు మనిషి పాస్ అన్నాడు. ఇక ఆమె పాస్ అనడమే తరువాయి అన్నట్టు ఆయన ఆట మొదలుపెట్టేందుకు ఒక ముక్కను సగం బయటికి లాగాడు కూడా.

శివలీల మాట్లాడలేదు. వంతు ఆమెది. హనుమేష్ తల ఎత్తాడు. ఓబుళేశు దగ్గబోయి ఆపుకున్నాడు. లాగిన ముక్కను కుడివైపు మనిషి మళ్ళీ లోపలికి తోశాడు. ముగ్గురు మగవాళ్ళు ఆమె నోటి వంక చూస్తూ ఆగారు. ఎవరూ తొందర పెట్టలేదు, ఎవరూ ఆమె తరఫున చెప్పలేదు. ఇంత పెద్ద నిశ్శబ్దం తన కోసం ఏర్పడటం ఆమె పుట్టాక ఇదే మొదలు. ఆనందమో భయమో తెలియలేదు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలుగు ఆఠీన్లు" అంది.

మిగతా ముగ్గురూ వరసగా పాస్ అన్నారు. హనుమేష్ పాస్ కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆట ఆమెది. ఓబుళేశు కళావరు ఆసు వేశాడు. హనుమేష్ తన పదమూడు ముక్కలూ ఒక్కొక్కటిగా టేబుల్ మీద పరిచాడు. ఏమున్నాయో అన్నీ వెల్లకిలా, అందరికీ కనబడేలా. పాతికేళ్ళలో ఆయన తన చేతిలో ఉన్నది ఆమెకు చూపించడమూ అదే మొదలు.

ఓబుళేశు కళావరు ఆసు, రాజు, రాణి మూడు పట్లూ లాగేశాడు. ఇంకొక్కటి పోతే మాట తప్పినట్టే. నాలుగో పట్టుకు ఆయన డైమను వేస్తే, "ఆసు" అంది శివలీల. హనుమేష్ తన ముందున్న డైమను ఆసును తీసి వేశాడు. అడిగిన ముక్క వేయడమే ఆయన పని. ఇప్పుడు మిగిలింది ఒకటే చిక్కు. ఆఠీను రాజు ఎవరి దగ్గర ఉంది? ఎడమనా, కుడినా? కుడివైపు ఉంటే పట్టుకోవచ్చు. ఎడమవైపు ఉంటే ఓటమే.

ఆమె పాటను మళ్ళీ తలుచుకుంది. కళావరు ఆసు, రాజు, రాణి ఉన్న ఓబుళేశు పాటలో ఊరుకున్నాడు. అవి తొమ్మిది. దాంతో పాటు ఆఠీను రాజు కూడా ఉండి పన్నెండయి ఉంటే ఆ మనిషి నోరు ఊరుకునేదా? ఊరుకున్నాడంటే లేదన్నమాట. మాట్లాడని మనిషి దగ్గర ఏముందో, ఏం లేదో కనిపెట్టడంలో ఆమెకు పాతికేళ్ళ సాధన ఉంది. ఆ సాధన ఇలా ఒకనాడు పనికొస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఆఠీను పది" అంది. హనుమేష్ వేశాడు. కుడివైపు చిన్న ముక్క పడింది. ఆమె తన చేతిలోంచీ చిన్నదే వదిలింది. ఓబుళేశు చేతిలో రాజు లేదు. పది గెలిచింది. మళ్ళీ అటునుంచే ఇంకో ఆఠీను అడిగింది, అదీ గెలిచింది. ఆ తర్వాత ఆమె ఆసు వేస్తే కుడివైపు మనిషి రాజును వేయక తప్పలేదు. ఇక మిగిలిన పట్లన్నీ ఆమెవే. పది పట్లు.

మార్కులు చదివారు. అవే ముక్కలతో మిగతా టేబుళ్ళన్నిట్లోనూ మూడు నో ట్రంప్ పాడి, కళావర్లు వరసగా పోగొట్టుకుని ఓడారు. నాలుగు ఆఠీన్లు ఆడి గెలిచింది ఒక్క శివలీలే.

"ఎంత బాగా పట్టినావమ్మా రాజుని! నా కాడ లేదని నీకెట్ల తెలిసె?" అన్నాడు ఓబుళేశు, మనసారా.

"మీరు ఊరుకున్న్యారు కదన్నా" అంది శివలీల. మూలన కృపమణి మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఇంటికి పోతూ, కారు క్లబ్బు రోడ్డు దాటగానే హనుమేష్, "పర్వాలేదు, బాగానే ఆడినావు. నేను నేర్పించింది పనికొచ్చింది" అన్నాడు. శివలీలకు ఈసారి కోపం రాలేదు. ఇంకా ఆ నిశ్శబ్దంలోనే ఉంది ఆమె.

"అన్నట్టు, షెడ్డు తాళాలు యాడ పెట్టినావు? పొద్దున్నే హర్షవర్ధన్ వస్తాండాడు."

"నా కాడే ఉండాయి. ఇయ్యను."

హనుమేష్ కారు నెమ్మది చేశాడు. "ఏమంటాండావు నువ్వు?"

"ఒరుగుల మాట మొదట అన్నది ఎవరండీ?"

సమాధానం కోసం ఆమె తొందరపడలేదు. వంతు ఆయనది. ఆయన రోడ్డు వంక చూస్తూ కారు నడిపాడు. ఇరవై ఏళ్ళుగా ఆడుతున్న మనిషికి, ఆట మొదట అన్నోళ్ళదే అన్న రూలు ఒకరు చెప్పనక్కర్లేదు.