ఇస్త్రీ బల్ల దాటని మాట

పొద్దున ఏడింటికల్లా కల్పలత ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేస్తుంది. ఆమె భర్త పర్వతాలు యాప్రాల్‌లో వాళ్లు బల్ల వేసుకున్న అపార్టుమెంటు అయిదు అంతస్తులూ ఎక్కి దిగి బట్టల మూటలు తెస్తాడు. కూతురు ఊర్మిళ కాలేజీకి వెళ్లేలోపు పది చొక్కాలు మడతపెడుతుంది. కల్పలత పెట్టె తగలగానే, ఆ బట్ట వేసుకుని ఆఖరున ఎవరేమన్నారో ఆ మాట ఆవిరితోపాటు బయటికొస్తుంది. ఒకసారి ఆ పెట్టెతో రుద్దినదానికి తర్వాత ఏ వేడి తగిలినా అంతే. అందుకే అక్కడివాళ్లు ఇంట్లో గొడవపడిన చొక్కాతో మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డెక్కరు, మార్చుకుని వెళ్తారు. ఇస్త్రీ మాత్రం ఇంకెక్కడా చేయించరు. కల్పలత బల్ల మీద విన్నది బల్ల దాటదని అందరికీ తెలుసు.

ఊర్మిళ ఇంటర్ అయిపోవస్తోంది. శంషాబాద్ దాటాక ఒక కాలేజీ ఉంది. ఎంచుకున్న పిల్లలకు ఫీజూ హాస్టలూ అదే భరిస్తుంది. ఆ సీటు రాకపోతే జూన్ నుంచి ఊర్మిళ రెండో ఇస్త్రీ పెట్టె పట్టుకోవాలి. పెట్టె అప్పుడే కొనేశారు, మంచం కింద ఉంది.

దరఖాస్తులో మూడు ప్రశ్నలు. సొంత దస్తూరీతో, ఒక్కోదానికి వంద మాటలు మించకుండా రాసి పోస్టులో పంపాలి. రెండు రాసేసింది. మూడోది: "మీరు మాత్రమే మాకు చెప్పగలిగిన సంగతి ఏది?"

కార్ఖానా ఏరియాలో ఇలాంటి దరఖాస్తులు రాయించే ఆఫీసు నడిపే హేమచంద్ర ఆ అపార్టుమెంటులోనే ఉంటాడు. ఊరికే చూసిపెడతానని ఆదివారం బల్ల దగ్గరికొచ్చాడు.

"టాపిక్ ముఖ్యమమ్మాయ్. చదివేవాడు ఏడవాలి. మీ నాన్నకి తాగుడుందా?"

"లేదు సార్. చాయ్ తాగుతడు."

"పోనీ అమ్మకి జబ్బేమైనా?"

"నాకేం రోగం సారూ?" అంది కల్పలత బల్ల వెనకనుంచి. "మీ ఇంటి దుప్పట్లు పన్నెండు నిన్న ఒక్క పూటల చేసిచ్చిన."

"అది కాదమ్మా. వీధి దీపం కింద చదువుకోవడం, పస్తులుండటం, ఇలాంటివి..."

"ఇంట్ల కరెంటుంది సార్. అన్నం సుత తింటం," అని ఊర్మిళ మూడో ప్రశ్నకి తను రాసిన కాగితం చేతికిచ్చింది.

అందులో ఇలా ఉంది: "మా అపార్టుమెంటులో అరవై ఇళ్లు. ఏ ఇంట్లో ఎవరు ఎందుకు ఏడుస్తారో నాకు తెలుసు. మా అమ్మ ఇస్త్రీ కంటే ముందు నోరు కట్టుకోవడం నేర్పింది. నేను మాత్రమే చెప్పగలిగిన సంగతులు చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పను."

హేమచంద్ర కళ్లు మెరిశాయి. "ఇదీ టాపిక్కంటే! పేర్లు మార్చి రెండు సంగతులు పడెయ్. మూడో అంతస్తు ఆవిడది బావుంటుంది కదూ?"

"ఎవరిదీ రాయను సార్."

"ఇలా పంపిస్తే చెత్తబుట్టలోకే!" కాగితం ఉండచుట్టి బల్ల మీద పడేశాడు. "ఒక్కటి చెప్తే నీదేం పోయింది?"

ఊర్మిళ ఆ ఉండని పిడికిట్లోకి తీసుకుంది. "చెప్పను సార్."

అతను చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు. కల్పలత పెట్టెను కాస్త చల్లారనిచ్చి, కాగితాన్ని బల్ల మీద సాపు చేసి మెల్లగా రుద్దింది. "చెప్పను సార్," అంది కాగితం.

"దీనికి సుత నీ నోరే వచ్చింది," అని నవ్వాడు పర్వతాలు.

తర్వాతి మూట హేమచంద్రదే. పైనున్న నీలం చొక్కా గట్టిగానే మాట్లాడింది. ముగ్గురూ విన్నారు. ఏమందో ఊర్మిళ ఇప్పటికీ చెప్పలేదు, కాబట్టి మనకూ తెలియదు. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"కాలరు సక్కగ పట్టు," అంది కల్పలత.

ఊర్మిళ కాలరు సరిగ్గా పట్టింది, చొక్కా మడతపెట్టి మూటలో పెట్టింది. మర్నాడు పోస్టాఫీసుకి వెళ్లి, ఇస్త్రీ చేసిన కాగితాన్ని ఒక్క అక్షరం మార్చకుండా పంపేసింది.

మూడు వారాలకి, మధ్యాహ్నం పూట ఫోను మోగింది. ఊర్మిళ స్పీకరు పెట్టింది.

"నేను కామాక్షిని, కాలేజీ నుంచి. నీ దరఖాస్తు వద్దనుకున్న కట్టలోకి పోయిందమ్మా. ఆ కట్ట మీద ఇందాక నేను వేడి టీ కప్పు పెట్టాను. 'చెప్పను సార్' అని కింది నుంచి వినపడింది. తీసి మళ్లీ చదివాం."

"అవునా మేడం."

"ఇక్కడ ఇద్దరికి నచ్చింది, ఇద్దరు నమ్మడం లేదు. నువ్వే రాశావో, ఎవరైనా రాసిచ్చారో అంటున్నారు. ఒక్క ఉదాహరణ చెప్పు. ఎవరి చొక్కా ఏమంది? మా గదిలోంచి బయటికి పోదు."

కల్పలత పెట్టెను పక్కకి పెట్టింది. పర్వతాలు భుజం మీది మూట దించలేదు. బల్ల మీద మళ్లీ ఆ నీలం చొక్కాయే ఉంది.

"చెప్పను మేడం," అంది ఊర్మిళ.

కామాక్షి ఫోనుకి దూరంగా ఎవరితోనో అనడం వినపడింది.

"కాగితంలో విన్న గొంతే ఇది. పేరు రాసుకోండి."